గొడ్డలా, హైడ్రాలిక్ మిషనా: టంగుటూరు కట్టెల అడితిలో సుద్దముక్కతో వేసిన లెక్క

ముందే చెప్పేస్తున్నా, నాది హైడ్రాలిక్ పని. ఒంగోలులో చిన్న షెడ్డు. ట్రాక్టరు ట్రాలీల జాకీలు, పొక్లెయిన్ సిలిండర్లు, పగిలిన హోసులు, కారే సీళ్ళు, వీటి మీదే నా బతుకు. కట్టెలు చీల్చే మిషను కొనుక్కోమని ఎవరికన్నా చెబితే అది తయారు చేసేదీ నేనే, నాలుగు రూపాయలు మిగిలేదీ నాకే. ఆ సంగతి గుర్తుపెట్టుకుని కింది లెక్కలు చూడండి. అయినా ఈ కేసులో మొదట కొనొద్దనే చెప్పాను. ఆ తర్వాత మాట మార్చుకున్నాను. ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందో అదే ఇక్కడ అసలు విషయం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు ఒకటే వాన, ఈదురుగాలి. రోడ్ల పక్క వేపలు, చింతలు, నిద్రగన్నేర్లు వేళ్ళతో సహా పెళ్ళగిలి పడ్డాయి. వారం తిరక్కుండానే టంగుటూరు దగ్గర కట్టెల అడితి నడిపే అన్న ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, తుపాను మొద్దులు చవగ్గా వచ్చినయ్యని దించుకున్నా. నలభై టన్నులుంటయ్. కొట్టే నాథుడు లేడు. యూట్యూబులో చూశా, ఏదో మిషనంట, వెన్నలో కత్తి దిగినట్టు దిగతా ఉంది. ఎంతవుద్ది?"

"వచ్చి చూస్తా అన్నా" అన్నాను. ధర చెప్పలేదు. ఫోనులో ధర చెప్తే ఆ అంకె చుట్టూనే మాట తిరుగుతుంది, పని గురించి ఎవరూ మాట్లాడరు.

అడితి హైవేని ఆనుకునే ఉంది. సరుగుడు సముద్రం పక్క ఊళ్ళ నుంచి వస్తుంది. సుబాబులు, జామాయిలు పడమటి మెట్ట నుంచి. చిల్లకంపకు ఊరూ పేరూ అక్కర్లేదు, ఎక్కడ చెరువు ఎండితే అక్కడుంటుంది. హోటళ్ళవాళ్ళు, పెళ్ళిళ్ళకు వంట చేసేవాళ్ళు ఏడాది పొడుగునా కొంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొగాకు బ్యారన్ల (ఆకును వేడి పెట్టి ఆరబెట్టే గదుల) రైతులు వచ్చి పడతారు. శ్మశానానికి కూడా పోతాయి గానీ ఆ లెక్క అన్న చెప్పడు, నేనూ అడగను.

గొడ్డలి మనుషులు ముగ్గురుండేవాళ్ళు. ఒకరు చీమకుర్తి గ్రానైటు క్వారీకి పోయారు, ఇంకొకరు ఆటో కొనుక్కున్నారు. మిగిలింది పెద్దాయన ఒక్కడు. అరవై దగ్గరపడ్డాయి. మనిషి సన్నం, ముంజేతులు మాత్రం మోకుల్లాగా ఉంటాయి.

అన్న అప్పటికే కోయంబత్తూరు వైపు నుంచి ఒక కొటేషన్ తెప్పించి పెట్టుకున్నాడు. 15 టన్నుల శక్తి, 5 హెచ్‌పీ మోటారు, త్రీఫేజ్, ₹1,85,000, లారీ కిరాయి వేరే. కాయితం మీద 15 టన్నులన్నది ఇంత లావు అక్షరాల్లో ఉంది. ఒకసారి కిందికి దిగి పైకి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మాత్రం ఎక్కడా లేదు. ఇట్టాంటి కాయితాలు చూసినప్పుడల్లా నేను ముందు వెతికేది ఆ సెకన్లనే.

గోడ మీద గీతలు

ఎన్ని టన్నులు చీలుస్తున్నారని అడిగితే అన్న "నెలకు అరవై" అన్నాడు. అది అమ్మే లెక్క, చీల్చే లెక్క కాదు. అందుకని అడితి ఆఫీసు గోడ మీద సుద్దముక్కతో మూడు గళ్ళు గీశాను. చీల్చకుండా పోయింది ఒకటి, నార తిన్నగా ఉండి గొడ్డలికి లొంగింది ఒకటి, ముడులూ వేరుమొద్దులూ ఒకటి. కాటా చీటీ చూసి, బయటికి పోయే ప్రతి బండికీ ఏ గడిలో ఎన్ని క్వింటాళ్ళో రాయమన్నాను. పది రోజులు.

పది రోజుల్లో 21 టన్నులు కదిలాయి. అందులో 12 టన్నులు అసలు గొడ్డలి తగలకుండానే పోయాయి. తిన్నటి కట్టె 7 టన్నులు. ముడి సరుకు 2 టన్నులు.

సగానికి పైన చీల్చకుండా ఎందుకు పోతుందో పొగాకు రైతును అడిగితే తెలుస్తుంది. బ్యారన్‌కు ఆకు ఎక్కించాక మొదట పండించే దశ. లోపల వేడి 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలకడగా ఉండాలి. అక్కడ తొందరపడి మంట ఎగేస్తే ఆకు పసుపు తిరక్కుండా పచ్చిగానే బిగుసుకుపోతుంది, వేలంలో దాని మొహం ఎవరూ చూడరు. అందుకని ఆ దశలో వాళ్ళకు కావాల్సింది కుదురుగా రాజుకునే లావు దుంగ. ఆకు ఆరి, చివరికి మధ్య ఈనె ఆరేటప్పుడు వేడి 160 డిగ్రీల దాకా పోవాలి. అప్పుడు కావాలి పేళ్ళు. కాబట్టి రైతు ట్రక్కులో దుంగలు సగం, పేళ్ళు సగం అడుగుతాడు. ఎవడైనా కట్టెలన్నీ చీల్చి ఇస్తానంటే రైతే వద్దంటాడు.

ఇంకో తిరకాసుంది. కట్టె చీలిస్తే తొందరగా ఆరుతుంది. బెరడు చుట్టూ ఉన్నంతకాలం తడి చివర్ల నుంచే మెల్లిగా పోవాలి, చీలితే పక్కల నుంచి కూడా పోతుంది. పచ్చికట్టెలో బరువులో 45 శాతం నీళ్ళనుకోండి. అట్టాంటి 100 కిలోలు 20 శాతం తేమ దాకా ఆరితే 69 కిలోలు మిగులుతుంది. కొనేవాడికి అది లాభం. పూర్తిగా ఆరిన కట్టె కిలోకు 4,500 కిలో కేలరీలనుకుంటే, 20 శాతం తేమ ఉన్న కిలో కట్టె సుమారు 3,500 ఇస్తుంది, 45 శాతం ఉన్నది 2,200 మాత్రమే. మిగిలిన వేడి నీళ్ళు కాగడానికే పోతుంది. కానీ అమ్మేవాడు కాటా మీద అమ్ముతాడు. చీల్చి ఆరబెట్టిన ప్రతి క్వింటాలుకూ 31 కిలోలు గాలిలో కలిసిపోతాయి. మిషను కొంటే సరుకు బాగుంటుంది, నిజమే. బాగున్నందుకు ధర పెంచుకోలేకపోతే ఆ బాగు అడితికి నష్టం. ఇది చెప్పినప్పుడు అన్న నవ్వాడు. "నువ్వు మిషను అమ్మటానికొచ్చావా, నా యాపారం మాన్పిచ్చటానికొచ్చావా?"

ట్రాక్టరు మీద పరీక్ష

షెడ్డులో 4 అంగుళాల బోరు (లోపలి వ్యాసం), 24 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న డబుల్ యాక్టింగ్ సిలిండరు ఒకటి పడి ఉంది. అన్న తన పాత టిప్పరు జాకీ వాడుకోమన్నాడు గానీ అది కుదరదు. టిప్పరు జాకీకి నూనె ఒకవైపే పోతుంది, ట్రాలీ బరువుకు అదే దిగాలి. కట్టెలో ఇరుక్కున్న కత్తిని వెనక్కి లాగాలంటే రెండు వైపులా నూనె పోయే సిలిండరు కావాలి.

ఒక ముతక ఫ్రేము వెల్డింగు చేసి, అన్న వాళ్ళ ట్రాక్టరు హైడ్రాలిక్ పాయింటుకు తగిలించాను. బకెట్ పెట్టి కొలిస్తే ఆ పంపు నిమిషానికి 17 లీటర్లు ఇస్తోంది. 4 అంగుళాల పిస్టన్ వైశాల్యం 81 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 175 కేజీల ప్రెషరు వస్తే 14 టన్నుల తోపు. పూర్తి స్ట్రోకుకు దాదాపు 5 లీటర్ల నూనె కావాలి, అంటే దిగడానికి 17 సెకన్లు, పైకి రావడానికి 13. మొత్తం అర నిమిషం.

అడుగున్నర పొడవు, ఏడంగుళాల లావు సరుగుడు దుంగను పెద్దాయన నాలుగు పేళ్ళు చేయడానికి ఇరవై సెకన్లు పట్టింది. మొద్దు చివర చూస్తాడు, ఆరిన పగులు ఎటు పోయిందో అటే దెబ్బ వేస్తాడు. ఒకటి, రెండు, మూడు. అదే దుంగకు మిషను మూడుసార్లు దిగి లేవాలి. నిమిషంన్నర. అర టన్ను తిన్నటి కట్టె కొట్టి పేర్చడానికి ఆయన ఒక్కడికి గంటా ఇరవై ఐదు నిమిషాలు. మిషను మీద ఇద్దరు మనుషులకు గంటా యాభై. యూట్యూబులో వెన్నలో కత్తి దిగడం నిజమే, ఆ కత్తి మళ్ళీ పైకి రావడం మనం చూడం.

ముడి సరుకు దగ్గర కథ తిరగబడింది. వేప, చింత వేరుమొద్దుల్లో నార ఎటుపడితే అటు మెలిపడి ఉంటుంది. గొడ్డలి దిగబడితే రాదు. ఇనప మేకులు పెట్టి సమ్మెటతో కొట్టాలి. అర టన్ను కొట్టడానికి పెద్దాయనకు ఏడు గంటలు పట్టింది. మిషను మీద ఇద్దరికి గంటా నలభై.

ఇక డబ్బు లెక్క. ముడి మొద్దు చీల్చకుండా అమ్మితే టన్నుకు ₹2,200 కూడా కష్టం, చీలిస్తే ₹3,600. తేడా ₹1,400. కూలి గంటకు ₹100 చొప్పున, ట్రాక్టరు మీద చేసిన వేగంతో టన్నుకు ₹667 అవుతుంది. కరెంటు, నూనె, రిపేర్లకు ₹150 వేసుకుంటే మిగిలేది ₹583. నెలకు ముడి సరుకు ఆరు టన్నులు. అంటే నెలకు మూడున్నర వేలు. ఇప్పుడున్న నలభై టన్నుల గుట్ట మీద ఇరవై మూడు వేలు వచ్చినా, ₹1,85,000 తిరిగి రావడానికి నాలుగేళ్ళకు దగ్గర. పైగా కొటేషన్‌లోని మిషనుకు ఉన్నది ఒకే వేగం గేరు పంపు. 5 హెచ్‌పీతో 175 కేజీల దగ్గర నిమిషానికి 11 లీటర్లకు మించి తిప్పలేరు. అది మా ట్రాక్టరు కన్నా నిదానం, ఒకసారి దిగి లేవడానికి ముప్పావు నిమిషం పైమాటే.

"వద్దన్నా" అన్నాను. "గుట్టను ఉన్నపళంగా అమ్మేయ్. తిన్నటి కట్టెకు ఇంకో మనిషిని చూసుకో." అన్న కాసేపు మాట్లాడలేదు. సరేనని టీ తెప్పించాడు.

రెండు ఖాళీ గళ్ళు

టీ తాగుతుంటే పెద్దాయన గోడ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు గానీ గీతలు లెక్కపెట్టుకోగలడు. వేలితో రెండు గళ్ళు చూపించాడు.

"ఈ రెండు రోజులూ ఏం రాయలేదేంది అబ్బయ్యా?"

"నువ్వు రాలేదు కదా బాబాయ్."

"ఎందుకు రాలేదో అడిగినావా?"

అడగలేదు. ఐదో రోజు, తొమ్మిదో రోజు. రెండు గళ్ళకూ ముందు రోజు ముడి సరుకు గడిలో అంకె ఉంది. మేకు, సమ్మెట పట్టిన మర్నాడు ఆయన భుజం లేవదు. ఇంట్లో జండూబామ్ రాసుకుని పడుకుంటాడు. నేను ఆ రెండు రోజుల్నీ సెలవులనుకుని పక్కన పెట్టి, మిగతా ఎనిమిది రోజుల మీద వేగం కట్టాను. స్టాపువాచీ పట్టుకుని సెకన్లు లెక్కపెట్టినవాణ్ణి, గోడ మీద కళ్ళెదురుగా ఉన్న ఖాళీని చూడలేకపోయాను. ముప్పై ఏళ్ళ పనిలో ఇట్టాంటి తప్పులు చేశాను గానీ, ఇంత సిగ్గుపడింది తక్కువ.

అప్పుడు లెక్క వేరే అవుతుంది. ముడి మొద్దుకు ఏడు గంటలు పోవడమే కాదు, దాని వెనకాల తిన్నటి కట్టె టన్నున్నర కూడా ఆగిపోతుంది. హోటలు బండి వచ్చి ఖాళీగా తిరిగిపోతుంది. క్వారీకి పోయిన మనిషి ఎందుకు పోయాడని అడిగితే పెద్దాయనే చెప్పాడు. "కూలి కాదబ్బా. ఈ మొద్దులకే దణ్ణం పెట్టి పోయాడు." కొత్త మనిషిని చూసుకోమని నేనిచ్చిన సలహాకు కూడా ఇదే అడ్డం. మొద్దులు ఉన్నన్నాళ్ళూ మనిషి నిలవడు.

ఇంకో మాట కూడా ఆయన నోటినుంచే వచ్చింది. నా ముతక ఫ్రేము నడుమెత్తు బల్ల మీద పడుకోబెట్టి ఉంది. "చీల్చేది నీ మిషను చీలుస్తది. దాని మీదికి ఎత్తేదెవరు?" అన్నాడు. పద్నాలుగంగుళాల లావు, అడుగున్నర పొడవు పచ్చి మొద్దు యాభై కిలోలకు దగ్గర. వేరుమొద్దయితే ఎనభై. దాన్ని రెండున్నర అడుగులు ఎత్తితే భుజం బదులు నడుం పోతుంది, అంతే తేడా. మిషనును నిలబెట్టమన్నాడు. మొద్దును దొర్లించుకొచ్చి కిందున్న రేకు మీదికి తోస్తే చాలు, కత్తి పైనుంచి దిగాలి.

ఆ సాయంత్రం అన్నకు చెప్పాను. కొటేషన్ మిషను వద్దు. తిన్నటి కట్టెకు మిషనే వద్దు. మొద్దులకు మాత్రం నిలువు మిషను ఒకటి నేను కట్టిస్తాను, లక్ష దాటదు.

కట్టిన తీరు, వంగిన తీరు

పంపు విషయంలో రాజీ పడలేదు. రెండు దశల పంపు వేశాను. కత్తి ఖాళీగా దిగేటప్పుడు, పైకొచ్చేటప్పుడు పెద్ద గేరు, చిన్న గేరు కలిసి నిమిషానికి 45 లీటర్లు తోస్తాయి. కట్టె ఎదురు తిరిగి ప్రెషరు 40 కేజీలు దాటగానే పెద్ద గేరు నూనె ట్యాంకులోకి తిరిగిపోతుంది, చిన్నది ఒక్కటే 11 లీటర్లతో 175 కేజీల దాకా తోస్తుంది. అదే 5 హెచ్‌పీ మోటారు. ఖాళీ దిగుడు ఏడు సెకన్లు, పైకి ఐదు. పైకి వచ్చేటప్పుడు పూర్తిగా పోకుండా మొద్దు ఎత్తుకు ఒక కాలరు బిగించాను, దాంతో ఇంకో రెండు మూడు సెకన్లు మిగిలాయి. టన్నులు పెంచాలని 5 అంగుళాల సిలిండరు వేసుకునేవాళ్ళుంటారు. తోపు 22 టన్నులకు పోతుంది గానీ నూనె ఒకటిన్నర రెట్లు కావాలి, అంతా నిదానిస్తుంది. మా వైపు దొరికే ఏ మొద్దుకూ 14 టన్నులు చాలలేదని నేను చూడలేదు. ఎక్కడో ఒకటి మొండికేస్తే మొద్దును తిప్పి అంచు నుంచి తీసుకోవడమే.

ఫ్రేము దగ్గర మాత్రం కక్కుర్తి పడ్డాను. షెడ్డులో ఐఎస్‌ఎంబీ 150 (ఐ ఆకారం, 150 మిల్లీమీటర్ల ఎత్తు) గర్డరు ముక్క ఉంది. మందంగా కనపడింది, వేసేశాను. నాలుగో రోజు ఒక చింతమొద్దు మీద కత్తి ఆగింది, ప్రెషరు గేజి 175 దాకా పోయింది, గర్డరు విల్లులాగా వంగింది. వాల్వు వదిలినా తిన్నగా రాలేదు. తోపు గర్డరు నడిమధ్య నుంచి పోదు, దాని మొహానికి నాలుగంగుళాల ముందు నుంచి పోతుంది. 14 టన్నులు ఆ దూరంతో గుణిస్తే ఆ సైజు గర్డరులో పుట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు మూడు వేల కేజీలు దాటుతుంది. మామూలు మైల్డు స్టీలు రెండున్నర వేల దగ్గరే లొంగిపోతుంది. ఈ గుణకారం ముందే చేసి ఉంటే పావుగంట పట్టేది. ఐఎస్‌ఎంబీ 200 వేస్తే ఒత్తిడి పదిహేడు వందల దగ్గర ఆగింది. ఆ ఖర్చు నాదే, అన్న దగ్గర తీసుకోలేదు.

కత్తికి పాత డోజరు బ్లేడు ముక్క. పదును గొడ్డలంత అక్కర్లేదు. ముందు సన్నగా దిగి వెనక రెక్కలు విచ్చుకోవాలి, కట్టెను కోసేది కాదు, విడదీసేది. పదునంటూ ఆకురాయితో అరగదీస్తే అంచు మడతపడుతుంది.

ట్రాక్టరు పీటీవోకు (వెనక తిరిగే షాఫ్టుకు) బిగించే మరలాంటి కోను ఒకటి అమ్ముతున్నారు, చాలా చవక. అది తిరుగుతూ మొద్దులోకి దూరి చీలుస్తుంది. కోను మొద్దులో గట్టిగా బిగుసుకుంటే దాంతో పాటు మొద్దు తిరుగుతుంది, లేదా చొక్కా చెయ్యి చుట్టుకుంటుంది. అన్న అడిగాడు. నేను చెయ్యనన్నాను. దాని మీద ఇంతకన్నా రాయను.

హైడ్రాలిక్ మిషనులోనూ ప్రమాదం లేకపోలేదు, అది చప్పుడు లేకుండా వస్తుంది. ఒకడు లివరు దగ్గర, ఇంకొకడు మొద్దు పట్టుకుని ఉన్నప్పుడే వేళ్ళు పోతాయి. "ఊఁ, దించు" అన్న మాట "ఉండు, దించొద్దు" అని వినపడటానికి హైవే మీద ఒక లారీ హారను చాలు. అందుకని రెండు లివర్లు పెట్టాను. ఒకే మనిషి రెండు చేతులూ రెండిటి మీద ఉంచితేనే కత్తి దిగుతుంది. రెండో మనిషి మొద్దులు దొర్లించుకు రావాలి, పేళ్ళు పేర్చాలి, కత్తి కదిలేటప్పుడు గజం దూరంలో ఉండాలి. అడ్డంగా ముడి ఉన్న మొద్దు పేలినట్టు విడిపోతుంది, ముక్క మోకాలికి తగులుతుంది. పెద్దాయన దానికో మార్గం చెప్పాడు, ముడి ఎప్పుడూ రేకు వైపు ఉండాలని. ఇంకొకటి, హోసు కారుతుందేమోనని చేత్తో తడమొద్దు. సూదిమొనంత చిల్లు నుంచి ఆ ప్రెషరులో వచ్చే నూనె చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, కొన్ని గంటల్లో చెయ్యి పోయేదాకా వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. తగిలిందనుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ చేసే ఆసుపత్రికి పోవాలి.

కరెంటు దగ్గర చిన్న పేచీ వచ్చింది. అడితికి సింగిల్ ఫేజే ఉంది. పక్క పొలంలో బోరుకు త్రీఫేజ్ ఉంది గదా, తొమ్మిది గంటలు ఉచితంగా వస్తుంది గదా అని అన్న కన్ను అటు పోయింది. వ్యవసాయం లైను మీద వ్యాపారం నడిపితే మిషను ఖరీదంత జరిమానా కట్టాల్సొస్తుందని చెప్పి ఆపాను. త్రీఫేజ్ మీటరు వచ్చేదాకా ట్రాక్టరు మీదే నడిచింది.

ఖర్చంతా కలిపి ₹94,000 తేలింది. మోటారు ₹17,000, సెకండ్ హ్యాండ్ సిలిండరు బాగుచేసి ₹16,000, రెండు దశల పంపు ₹14,000, నా కూలి ₹15,000. మిగిలింది వాల్వు, హోసులు, నూనె, ఇనుము, స్టార్టరు.

నడిచాక

ఇప్పుడు అర టన్ను ముడి సరుకు ఇద్దరికి యాభై ఐదు నిమిషాల్లో అవుతోంది. టన్నుకు కూలి ₹367, మిగతా ₹150 పోను నికరంగా ₹880 పైన. తుపాను గుట్ట ఫిబ్రవరి నెలాఖరుకు కరిగిపోయింది, ఎక్కువ భాగం బ్యారన్లకే, ఈనె ఆర్చే మంటకు. దాని మీదే ముప్పై ఐదు వేలు వచ్చాయి. ఆ తర్వాత నెలకు ఆరు టన్నుల మీద ఐదు వేల మూడు వందలు. పెట్టుబడి తిరిగి రావడానికి పదకొండు నెలలని కాయితం మీద వేశాను. పెద్దాయన మానేయకుండా వచ్చిన రోజుల విలువ అందులో కలపలేదు. అది అన్నకు తెలుసు, నేను అంకె వేయలేను.

నేను అనుకోనిది మే నెలలో వచ్చింది. ట్యాంకు 40 లీటర్లు పెట్టాను, 45 లీటర్ల పంపుకు అది చిన్నది. నూనె ట్యాంకులో చల్లబడే వ్యవధి లేకుండా మళ్ళీ పంపులోకి పోతోంది. మధ్యాహ్నం ట్యాంకు మీద చెయ్యి పెడితే రెండు సెకన్లు ఆగలేదు. చిక్కగా ఉండే 68 గ్రేడు నూనె కూడా నీళ్ళలాగా పలచబడి, సిలిండరు సీలు కారడం మొదలుపెట్టింది. సీలు మార్చాను. రెండో ట్యాంకు కలిపాను. ఎండాకాలం పొద్దున పదిన్నరకు ఆపేయమన్నాను. ఒంగోలు ఎండలో మనిషికి ఏ టైము పనికొస్తుందో నూనెకూ అదే టైము.

మిషను వారానికి రెండు రోజులు, అదీ పూటపూటే నడుస్తుంది. మిగతా రోజులు దాని మీద టార్పాలిన్ కప్పి ఉంటుంది. తిన్నటి సరుగుడు, సుబాబులు ఇప్పటికీ గొడ్డలి మీదే. మిషను నిండా పనిలో ఉండాలని అన్న మొదట్లో తిన్నటి కట్టె కూడా దాని కిందే పెట్టించాడు. రెండు రోజుల్లో పేళ్ళ కుప్ప చిన్నదవడం చూసి తనే మానుకున్నాడు. లివర్ల దగ్గర నిలబడేది పెద్దాయనే. కొత్తగా ఒక కుర్రాడు చేరాడు, గొడ్డలి నేర్చుకుంటున్నాడు. మొద్దు చివర పగులు చూడకుండా కొడుతున్నాడని రోజూ తిట్లు తింటాడు.

మొన్న కొండపి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. రెండు బ్యారన్లున్నాయి, అడితిలో మిషను చూశాను, నాకూ ఒకటి కట్టమన్నాడు. పది రోజులు గోడ మీద గీతలు గీసి ఫొటో పెట్టమన్నాను, మనిషి రాని రోజులు కూడా గీయమన్నాను. ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ముడి సరుకు గడిలో ఒకే ఒక్క గీత. ఖాళీ రోజు ఒక్కటి కూడా లేదు. మిషను అక్కర్లేదు, గొడ్డలికి కొత్త కామ వేయించుకోమని చెప్పాను. అప్పుడు అడితిలోనే ఉన్నాను. "తుమ్మ కామ వేయించుకోమను" అన్నాడు పెద్దాయన, లివర్ల మీద నుంచి చేతులు తీయకుండానే.